"ఫాస్ట్‌గా" అంటే "ఫాస్ట్లీ" ఎందుకు కాదు? పిల్లకు ఏం చెప్పాలి?

రామగిరి_ట్యూషన్
నల్లగొండలో మా ఇంట్లోనే సాయంత్రం పూట ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తాను. నిన్న ఏడో తరగతి పిల్ల ఒకతి స్కూల్లో దిద్దిన పేపర్ తెచ్చి నా ముందు పెట్టింది. "మా అన్న ఫాస్ట్‌గా ఉరుకుతడు" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాస్తూ చివర ఫాస్ట్లీ అని పెట్టింది. దాని మీద ఎర్ర గీత ఉంది, పక్కన ఒక్క మాట లేదు. పిల్ల అడిగిన ప్రశ్న ఇది: "స్లోకు ఎల్, వై పెడితే స్లోలీ అయింది, క్విక్‌కు పెడితే క్విక్లీ అయింది, మరి ఫాస్ట్ ఏం పాపం చేసింది మేడం?" నేను "అది ఎక్సెప్షన్ అమ్మా, బట్టీ పట్టు" అన్నాను. పిల్ల సరే అని తల ఊపింది కానీ ముఖంలో నమ్మకం లేదు. రాత్రంతా అదే మనసులో తిరిగింది. గైడ్లలో చూస్తే "అడ్జెక్టివ్‌కు (మనిషి, వస్తువు ఎట్లా ఉందో చెప్పే మాటకు) ఎల్‌వై కలిపితే అడ్వర్బ్ (పని ఎట్లా జరిగిందో చెప్పే మాట)" అని ఒక లైను, కింద ఇరవై పదాలు, అంతే. ఎందుకో ఎవరూ రాయరు. నాకు ఆ "ఎందుకు" కావాలి.

టెట్_తయారీ
బట్టీయే మేడం. టెట్‌లో ఇంగ్లీషుకు 30 మార్కులు, ఎందుకు అని ఆలోచిస్తూ కూర్చుంటే టైం అయిపోతది. ఫాస్ట్, హార్డ్, లేట్, ఎర్లీ, హై, నియర్, స్ట్రెయిట్. ఈ ఏడూ గోడ మీద రాసి పెట్టుకోమనండి, చాలు.

బత్తాయి_తోట
పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది? ఎర్ర గీత గీసినాయన పక్కన ఒక్క ముక్క రాస్తే పోయేది. మా బిడ్డ పేపర్లు కూడా ఇట్లనే వస్తాయి, గీతలు తప్ప మాట ఉండదు. మేము పెద్దగా చదువుకోలేదు, ఇంట్లో చెప్పడానికి మాకు రాదు. ఆ మాటలు రాయాల్సింది వాళ్లే కదా.

పాలమూరు_పంతులు
ఇంగ్లీషు చెప్పబట్టి ఇరవై ఆరేళ్లు, మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లోనే. ఈ ఫాస్ట్లీ నేను కొన్ని వేల సార్లు దిద్ది ఉంటాను. మొదట్లో నేనూ గీత గీసి వదిలేసేవాణ్ణి, బత్తాయి_తోట గారు అన్న మాట నాకూ తగులుతుంది. తర్వాత్తర్వాత అర్థమైంది, ఇది పిల్లల అజాగ్రత్త కాదు. మనం ఇంట్లో ఎట్లా మాట్లాడతాం? "ఫాస్ట్‌గా పో", "లేట్‌గా వచ్చిండు", "సీరియస్‌గా చెప్తున్న", "సడన్‌గా ఆగింది". ఇంగ్లీషు మాట ఏదైనా సరే వెనక ఒక "గా" తగిలిస్తే మన పని అయిపోతుంది. మూడేళ్ల వయసు నుంచి పిల్ల చెవిలో ఫాస్ట్ పక్కన గా ఉంది. స్కూలుకు వచ్చాక మనమే చెప్తాం, గా అంటే ఎల్‌వై అని. ఇక ఆ పిల్ల ఫాస్ట్‌గా ను ఫాస్ట్లీ అనకుండా ఇంకేమంటుంది? లెక్క ప్రకారం ఆమె చేసింది కరెక్టే. మనం ఇచ్చిన సూత్రమే సగం.

రామగిరి_ట్యూషన్
సార్, ఇదే, ఇదే నాకు తట్టలేదు. లేట్‌గా, ఫాస్ట్‌గా. నిజమే, రోజూ అనే మాటలే.

జడ్చర్ల_పోరడు
లేట్, హార్డ్ దగ్గర ఎక్సెప్షన్ అని వదిలేస్తే ఏమవుతుందో నా సంగతి చెప్తా. డిగ్రీ అయినంక పోలేపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ఇంటర్వ్యూకు పోయిన. నాకు ఇంగ్లీషు భయం, అందుకని రెండు రోజులు ఒకే వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్న, "సార్, ఐ విల్ వర్క్ హార్డ్లీ" అని. కష్టపడి పనిచేస్తా అని చెప్పాలని. లోపల ముగ్గురు కూర్చున్నరు, చెప్పగానే ఒకాయన పక్కాయనను చూసిండు. ఎందుకు చూసిండో నాకప్పుడు తెల్వదు. ఉద్యోగం రాలే. ఏడాది తర్వాత మా దోస్తు చెప్పిండు, హార్డ్లీ అంటే దాదాపు చేయను అని అర్థమని. ఆ రోజు బస్సులో నాకు ఎంత బాధయిందో మాటల్లో చెప్పలేను. మేడం, మీ పిల్లలకు ఇంకేం చెప్పకున్నా ఈ ఒక్కటి చెప్పండి.

సాగర్_26గేట్లు
తమ్మీ, నీది మాట తప్పు అయిందే కానీ మనసు తప్పు కాదు. ఆ కూర్చున్న ముగ్గురిలో ఒక్కరన్నా అడిగి ఉండాల్సింది, నువ్వు చెప్పాలనుకున్నది ఇదేనా అని.

టెట్_తయారీ
హార్డ్లీ పోటీ పరీక్షల్లో తప్పకుండా వస్తది. హార్డ్లీ ఉంటే వాక్యంలో మళ్లీ నాట్, నెవర్ రావద్దు. ముందు హార్డ్లీ హ్యాడ్ వస్తే వెనక వెన్ రావాలి. నో సూనర్ అయితే దాన్. ఇవి కలగలిపి అడుగుతరు.

పాలమూరు_పంతులు
జడ్చర్ల తమ్ముడు చెప్పింది నేను రేపు తొమ్మిదో తరగతిలో చెప్తాను, ఎవరిదో చెప్పను. ఇట్లాంటి జంటలు ఇంకా ఉన్నాయి. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈ మధ్య. నియర్ దగ్గర, నియర్లీ దాదాపు. హై అంటే ఎత్తుకు, హైలీ అంటే బాగా, ఎక్కువగా. "గాలిపటం పైకి ఎగిరింది" అన్న చోట హైలీ పెడితే పని చేయదు, "ఆయనను చాలా గౌరవిస్తారు" లాంటి చోటే హైలీ నడుస్తుంది. ఎల్‌వై తగిలితే మాట అర్థం పక్కకు జరిగింది, అదీ సంగతి.

అచ్చంపేట_అడవి
కానీ అసలు ప్రశ్న అట్లనే ఉంది కదా, ఫాస్ట్‌కు ఎందుకు లేదు అని. ఇంగ్లీషు భాషా చరిత్ర నాకు ఇష్టం, తెలిసింది రాస్తా, కొంచెం పొడుగు అవుతుంది.

1100 సంవత్సరం కంటే ముందటి పాత ఇంగ్లీషులో అడ్జెక్టివ్‌ను అడ్వర్బ్ చేయాలంటే మామూలుగా చివర ఒక చిన్న "ఎ" శబ్దం చేర్చేవాళ్లు. ఫాస్ట్‌కు, హార్డ్‌కు అప్పట్లో అట్లా ఎ చేరిన రూపాలు ఉండేవి. ఇంకోవైపు "లీచ్" అని ఒక ప్రత్యయం ఉండేది, దానికి మూలం శరీరం, ఆకారం అనే అర్థమున్న మాట. ఇప్పటి లైక్, అంటే "లాంటి" అనే మాట కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. లీచ్ చేరితే అడ్జెక్టివ్, దానికి మళ్లీ ఎ చేరి "లీచె" అయితే అడ్వర్బ్. రాను రాను నోట్లో ఆ చివరి ఎ అరిగిపోయింది. ఎ పోయేసరికి ఫాస్ట్ అడ్జెక్టివ్వూ ఫాస్టే, అడ్వర్బూ ఫాస్టే అయిపోయింది. జనానికి తేడా చూపించడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి మిగతా మాటలకు లీచె నుంచి వచ్చిన లీ ని తగిలించుకుంటూ పోయారు. ఫాస్ట్, హార్డ్ లాంటి రోజూ వాడే కొన్ని మాటలు మాత్రం పాత రూపంలోనే నిలిచిపోయాయి. అంటే ఫాస్ట్ సూత్రం తప్పిన మాట కాదు. దానిది వేరే సూత్రం, ఇంకా పాతది. ఆ సూత్రం గుర్తు అరిగిపోయింది కాబట్టి మనకు కనిపించదు.

ఇంకో ముక్క. ఫాస్ట్ కు మొదటి అర్థం వేగం కాదు, గట్టిగా, కదలకుండా. అందుకే గాఢనిద్రను ఫాస్ట్ అస్లీప్ అంటారు, సీటు బెల్టు బిగించుకోవడాన్ని ఫాసెన్ అంటారు.

రామగిరి_ట్యూషన్
చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఎమ్మే చేశాను, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అరిగిపోయిన గుర్తు అని చెప్తే ఆ పిల్లకు వెంటనే ఎక్కుతుంది, వాళ్ల నాన్న రబ్బరు స్టాంపులు చేస్తాడు.

టెట్_తయారీ
చరిత్ర బాగుంది అన్నా, ఒప్పుకుంటా. కానీ పరీక్షలో స్లో ఇస్తే ఏం రాయాలి? రోడ్డు మీద స్కూళ్ల ముందర "గో స్లో" అని బోర్డులు ఉంటాయి. స్లోలీ అనాలి కదా? బోర్డు తప్పా?

సాగర్_26గేట్లు
బోర్డు తప్పే. ప్రభుత్వ బోర్డుల్లో తప్పులు తక్కువా?

అచ్చంపేట_అడవి
తెలుగు స్పెల్లింగుల సంగతి వేరు, ఈ బోర్డు మాత్రం తప్పు కాదు. స్లో కూడా అడ్వర్బ్‌గా నిఘంటువుల్లో ఉంది, స్లోలీ కూడా ఉంది. క్రియ వెనక పొట్టిగా వచ్చినప్పుడు, గో స్లో, డ్రైవ్ స్లో లాంటి చోట నడుస్తుంది. "ఆయన మెల్లగా తలుపు తెరిచాడు" అనాలంటే స్లోలీయే పెట్టాలి. పరీక్షలో అయితే స్లోలీ రాయి, ఎవరూ మార్కు కోయరు.

సాగర్_26గేట్లు
మంచిది, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

వనపర్తి_వాణి
నేను తెలుగు చెప్తాను, ఇంగ్లీషు కాదు. కానీ పంతులు సార్ అన్న "గా" గురించి నాకు ఒక మాట ఉంది, అది ఇక్కడ ఎవరూ అనలేదు. మన గా పని చెప్పే మాటకు ముందే కాదు, "ఉంది"కి ముందు కూడా వస్తుంది. "ఆమె అందంగా ఉంది", "నీళ్లు చల్లగా ఉన్నాయి", "అన్నం మెత్తగా ఉంది". ఇక్కడ గా ఉన్నా అది పని ఎట్లా జరిగిందో చెప్పడం లేదు, ఆ మనిషి, ఆ నీళ్లు, ఆ అన్నం ఎట్లా ఉన్నాయో చెప్తుంది. మా పిల్లలు ఇంగ్లీషులో "షీ ఈజ్ బ్యూటిఫుల్లీ" అని రాయడం నేను చూశాను. గా కనిపించింది, ఎల్‌వై పెట్టేశారు. ఇంగ్లీషులో అక్కడ ఒట్టి బ్యూటిఫుల్ చాలు కదా సార్?

పాలమూరు_పంతులు
చాలు మేడం, అక్కడ ఒట్టిదే రావాలి. మీరు సరైన చోట వేలు పెట్టారు. లుక్, స్మెల్, టేస్ట్, సౌండ్, ఫీల్ వీటి వెనకా అంతే. "కూర మంచిగ వాసన వస్తుంది" అంటే గుడ్, "ఆమె మంచిగ పాడింది" అంటే వెల్. మన నోట్లో రెండు చోట్లా మంచిగ ఒక్కటే. నేను పిల్లలను అడిగేది ఇదొక్కటే: గా చూడకురా, గా తర్వాత ఏముందో చూడు. ఉంది ఉంటే ఎల్‌వై జోలికి పోకు. పాడింది, ఉరికింది, రాసింది అని పని ఉంటే అప్పుడు ఎల్‌వై గురించి ఆలోచించు.

బత్తాయి_తోట
ఇది నాకే అర్థమైంది సార్. రాత్రి మా బిడ్డను కూర్చోబెట్టి అడిగిన, "బత్తాయి తియ్యగా ఉంది" అంటే ఏం పెడతవు అని. స్వీట్లీ అన్నది. "ఉంది ఉన్నది కదా బిడ్డా" అన్న. ఒక్క నిమిషం ఆలోచించి స్వీట్ అన్నది. మేము చెప్పగలిగింది ఇంగ్లీషులో ఇదే మొదటిది.

పాలమూరు_పంతులు
బత్తాయి_తోట గారూ, మీ పోస్టు మా ఇంట్లో పైకి చదివి వినిపించాను.

వనపర్తి_వాణి
ఇంకొకటి గమనించండి. మన గా నామవాచకానికి కూడా నేరుగా అంటుకుంటుంది. అందం, గా. ధైర్యం, గా. జాగ్రత్త, గా. ఒక్క అడుగు. ఇంగ్లీషులో రెండు అడుగులు వేయాలి, కేర్ నుంచి కేర్‌ఫుల్, అక్కడి నుంచి కేర్‌ఫుల్లీ. మా అక్క కొడుకు సంతోషంగా అనడానికి హ్యాపీనెస్లీ అని రాశాడు. సంతోషం హ్యాపీనెస్, గా కు ఎల్‌వై. వాడి లెక్క వాడికి సరిపోయింది.

పాలమూరు_పంతులు
అదే దారిలో ఇంకో గుంత ఉంది. ఇంగ్లీషులో నామవాచకానికి నేరుగా ఎల్‌వై తగిలిస్తే సాధారణంగా వచ్చేది అడ్జెక్టివ్. ఫ్రెండ్ నుంచి ఫ్రెండ్లీ, కాస్ట్ నుంచి కాస్ట్లీ, కౌవర్డ్ (పిరికివాడు) నుంచి కౌవర్డ్లీ, మదర్ నుంచి మదర్లీ. వీటి చివర ఎల్‌వై చూసి అడ్వర్బ్ అని గీత గీస్తారు పిల్లలు. "స్నేహంగా మాట్లాడింది" అనాలంటే ఫ్రెండ్లీ ఒక్కటే సరిపోదు, ఇన్ ఎ ఫ్రెండ్లీ వే అనాలి.

టెట్_తయారీ
సార్, పార్ట్లీ? పార్ట్ నామవాచకమే, కానీ పార్ట్లీ అడ్వర్బ్. నేమ్లీ కూడా. మీ సూత్రం తెగిపోయింది.

పాలమూరు_పంతులు
సాధారణంగా అన్నాను తమ్ముడూ, ఎప్పుడూ అనలేదు. కానీ మంచి పట్టు పట్టావు, ఈ రెండూ నా నోట్సులో రాసుకుంటాను. డైలీ, వీక్లీ, మంత్లీ కూడా పక్కన పెట్టుకో, అవి అటూ ఇటూ రెండు వైపులా పనిచేస్తాయి. డైలీ పేపర్ అంటే అడ్జెక్టివ్, పేపర్ డైలీ వస్తుంది అంటే అడ్వర్బ్.

మండలాఫీసు
మీరంతా ఎల్‌వై దగ్గరే ఆగిపోయారు. మా ఆఫీసులో రోజంతా నడిచేది వైజ్. మండల్‌వైజ్ లిస్టు, విలేజ్‌వైజ్ రిపోర్టు, సర్వే నంబర్‌వైజ్ వివరాలు. పొద్దున ఫోన్ ఎత్తితే అవతల నుంచి మొదటి మాటే అది. ఇది కూడా అడ్వర్బ్ ప్రత్యయమేనా?

అచ్చంపేట_అడవి
అవును అన్నా. వైజ్ అంటే పాత ఇంగ్లీషులో పద్ధతి, తీరు. క్లాక్‌వైజ్ అంటే గడియారం తీరుగా, లెంత్‌వైజ్ అంటే పొడుగు వైపు, లైక్‌వైజ్, అదర్‌వైజ్ అవన్నీ అదే కుటుంబం. తెలివైనవాడు అనే అర్థమున్న వైజ్ వేరు. మీ ఆఫీసులో వాడేది "ఒక్కో మండలానికి విడివిడిగా" అనే అర్థం, అది మన దేశపు ఇంగ్లీషులో బాగా నాటుకుపోయింది.

వనపర్తి_వాణి
దానికి తెలుగులో చక్కటి మాట ఉంది కదా, వారీగా. మండలాల వారీగా, గ్రామాల వారీగా. ఉర్దూలో జిల్లావార్ అంటారు. ఫైల్లో వైజ్ రాసే చోట వారీగా రాస్తే ఎవరికీ ఏమీ తగ్గదు.

మండలాఫీసు
రాస్తున్నాం మేడం, తెలుగు ఫైళ్లలో వారీగానే ఉంటుంది. నోట్లో మాత్రం వైజ్ పోదు.

సాగర్_26గేట్లు
క్లాక్‌వైజ్ అంటే గుర్తొచ్చింది, మా నాయనమ్మ పానగల్లు ఛాయా సోమేశ్వర గుడికి తీసుకుపోయినప్పుడు నేను తప్పు వైపు తిరగబోతే చెయ్యి పట్టుకుని సరైన వైపుకు లాగింది. ఆ తర్వాత స్కూల్లో క్లాక్‌వైజ్ అనే మాట వచ్చినప్పుడు మా సార్ ప్రదక్షిణ తిరిగినట్టు అన్నాడు, మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదు.

జడ్చర్ల_పోరడు
బ్యాక్‌వర్డ్, బ్యాక్‌వర్డ్స్, ఈ రెంట్లో ఎస్ ఉండాలా, వద్దా?

అచ్చంపేట_అడవి
అడ్వర్బ్ అయితే బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా ఎస్ పెడతారు, అమెరికన్లు ఎక్కువగా పెట్టరు. వెనక్కి నడిచాడు అన్న చోట బ్యాక్‌వర్డ్స్ రాయి. బ్యాక్‌వర్డ్ ఏరియా అన్నప్పుడు అది అడ్జెక్టివ్, ఎస్ రాదు.

జడ్చర్ల_పోరడు
పాలమూరు గురించి ఆ రెండో మాట చిన్నప్పటి నుంచి విని విని చెవులు పోయినయి అన్నా, ఎస్ రాదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

రామగిరి_ట్యూషన్
స్పెల్లింగుల గురించి కూడా ఎవరైనా రాయండి, పిల్లలు అక్కడే ఎక్కువ పోగొట్టుకుంటారు.

పాలమూరు_పంతులు
అన్నీ రాయను, ఎక్కువ చూసేవి రాస్తాను. హ్యాపీ చివరి వై ఐ అయిపోతుంది. ట్రూ లో చివరి ఇ పడిపోయి ట్రూలీ, కానీ సిన్సియర్ లో ఇ ఉంటుంది. జెంటిల్ కు ఇ తీసి ఒట్టి వై పెడితే చాలు. ఐసీతో ముగిసే మాటలకు ఏఎల్ కూడా కలుస్తుంది, బేసిక్ నుంచి బేసికల్లీ, ఒక్క పబ్లిక్ కు మాత్రం కలవదు, పబ్లిక్లీ అంతే. ఇక లీవ్ లెటర్ కింద పిల్లలు రాసే యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ. ఫుల్ లో ఒక ఎల్, లీ లో ఒక ఎల్, మొత్తం రెండు. నా దగ్గరికి వచ్చిన లీవ్ లెటర్లలో సగం ఒక్క ఎల్ తోనే వస్తాయి, జ్వరం నిజమైనా అబద్ధమైనా ఎల్ మాత్రం ఒకటే.

బత్తాయి_తోట
😀 మా బిడ్డ లెటర్ చూస్తా ఇప్పుడే.

రామగిరి_ట్యూషన్
ఇవాళ చెప్పాను. ముందు అరిగిపోయిన స్టాంపు కథ చెప్పాను, తర్వాత "ఉంది చూడు" అన్న పంతులు సార్ మాట, చివరికి జడ్చర్ల తమ్ముడి హార్డ్లీ, పేరూ ఊరూ లేకుండా. క్లాసంతా నిశ్శబ్దంగా విన్నది. అప్పుడు ఆ పిల్ల లేచి, "మేడం, మా అమ్మ గట్టిగ అని ఊకె అంటది, అది హార్డా, హార్డ్లీయా?" అని అడిగింది. బోర్డు మీద నేను రాయలేదు, ఆమెకే చాక్‌పీసు ఇచ్చాను. "తలుపు గట్టిగ కొట్టింది", హార్డ్ అని రాసింది. "గట్టిగ అరిచింది" దగ్గర ఆగి, హార్డ్ రాసి, తుడిచి, లౌడ్లీ రాసింది. "చెయ్యి గట్టిగ పట్టుకుంది" దగ్గర టైట్ అని రాసి పక్కన ఎల్‌వై పెట్టాలా వద్దా అని నా వైపు చూసింది. రెండూ నడుస్తాయి అన్నాను. అచ్చంపేట అన్న చెప్పిన హోల్డ్ ఫాస్ట్ కూడా అక్కడ రాయించాను. ఫాస్ట్ అంటే గట్టిగ అని కూడా అర్థమా అని పిల్లలు నోరు తెరిచారు.

అచ్చంపేట_అడవి
నేను ఫాస్ట్ అస్లీప్ మాత్రమే రాశాను మేడం, హోల్డ్ ఫాస్ట్ మీరే పట్టుకున్నారు. చాలా సంతోషం.

జడ్చర్ల_పోరడు
థ్యాంక్స్ మేడం, చెప్పినందుకు.

వనపర్తి_వాణి
ఆ పిల్ల వాక్యంలోనే ఇంకో ప్రశ్న ఉంది, చూశారా? "గట్టిగ అని ఊకె అంటది". ఈ ఊకె కు ఇంగ్లీషులో ఏం పెడతారు?

పాలమూరు_పంతులు
అక్కడ ఆల్వేస్, లేదా ఆల్ ద టైం. మళ్లీ మళ్లీ అని కదా.

సాగర్_26గేట్లు
"ఊకె వచ్చిన" అంటే? అప్పుడు ఆల్వేస్ కాదు కదా. మా దగ్గర అందరూ సింప్లీ అంటారు, సింప్లీ వచ్చిన అని.

అచ్చంపేట_అడవి
ఆ సింప్లీ మన వైపు ఇంగ్లీషు. బయట సింప్లీ అంటే తేలిగ్గా, లేదా కేవలం అని. ఏ పనీ లేకుండా వచ్చాను అనాలంటే ఫర్ నో రీజన్, జస్ట్ లైక్ దట్, అట్లాంటివే చెప్పాలి. ఒక్క మాటలో ఊకె లాంటిది అక్కడ నాకు దొరకలేదు.

రామగిరి_ట్యూషన్
రేపు పిల్లలను అడుగుతాను, వాళ్లకు ఏం దొరుకుతుందో.